చలానా పెంచితే మనిషి మారతాడా?

"మనవాళ్లకు భయం లేదండీ. గట్టిగా నాలుగు తగిలిస్తే గానీ దారికి రారు." ఎర్ర లైటు పడ్డాక ఎవరైనా దూసుకుపోతే, ఆగిన బండ్ల మధ్య వినిపించే మాట ఇదే. టీవీ చర్చల్లోనూ ఇదే వినిపిస్తుంది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం వెనక ఉన్న నమ్మకం కూడా ఇదే. హెల్మెట్ లేకపోతే 100 రూపాయలున్న జరిమానా 1,000 అయింది. తాగి బండి నడిపితే 10,000 దాకా వెళ్లింది. జనం గగ్గోలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే గుజరాత్ ప్రభుత్వం హెల్మెట్ జరిమానాను 500కు తగ్గించుకుంది. మరికొన్ని రాష్ట్రాలు కొత్త రేట్లను పక్కన పెట్టాయి.

భయపెడితే వింటారన్న నమ్మకంలో కొంత నిజం ఉంది. కానీ మొత్తం నిజం అదేనని అనుకోవడం వల్ల, నిబంధనలు పాటించేవాళ్లను మనం ఏళ్ల తరబడి గాయపరుస్తూ వస్తున్నాం. ఈ వ్యాసంలో నా బాధ ముఖ్యంగా వాళ్ల గురించే. అక్కడికి వచ్చే ముందు, భయం ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం.

గ్యారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1960లలో ఒకరోజు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి వెళ్తున్నాడు. ఆలస్యమైంది. డబ్బు కట్టి పార్కింగ్‌లో కారు పెట్టి నడిచి రావాలా, నిబంధనకు విరుద్ధంగా రోడ్డు పక్కనే పెట్టేయాలా? దొరికిపోయే అవకాశం ఎంత, దొరికితే కట్టాల్సింది ఎంత అని మనసులోనే లెక్కవేసి, రోడ్డు పక్కనే పెట్టేశాడు. ఆ రోజు టికెట్ పడలేదు. కానీ ఆ లెక్క ఆయన్ని వదల్లేదు. నేరం చేసేవాడు కూడా ఇలాగే లాభనష్టాలు చూసుకుంటాడంటూ 1968లో ఒక వ్యాసం రాశాడు. నేరాల గురించి ఆర్థికవేత్తలు ఆలోచించే తీరునే అది మార్చేసింది.

ఈ లెక్కలో రెండు అంకెలున్నాయి: శిక్ష ఎంత, దొరికే అవకాశం ఎంత. రెండిట్లో మనిషి మనసు మీద బాగా పనిచేసేది రెండోదే. ఇటలీకి చెందిన ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే ఈ మాట చెప్పాడు: శిక్ష కఠినంగా ఉండటం కన్నా, తప్పించుకోలేనిదిగా ఉండటం ముఖ్యం. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఆయన వైపే మొగ్గాయి. మన రోడ్ల మీద దీనికి రుజువు రోజూ కనిపిస్తుంది. హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీదో మోచేతికో ఉంటుంది. ముందు పోలీసులున్నారని ఎదురొచ్చేవాడు సైగ చేయగానే తలకెక్కుతుంది. కెమెరాకు అందకుండా నంబర్ ప్లేటు వంచేవాళ్లు, చివరి అంకె మీద స్టిక్కర్ అతికించేవాళ్లు లెక్కవేసేది చలానా మొత్తాన్ని కాదు, దొరుకుతామా లేదా అన్నది. శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ కచ్చితంగా ఉంటుందని తెలిసిన రూట్లో మాత్రం క్యాబ్ బుక్ చేసుకుని పోతారు.

న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల కథ దీనికి మంచి ఉదాహరణ. ఎక్కడ కారు పెట్టినా టికెట్ పడేది గానీ, దౌత్యపరమైన రక్షణ వల్ల డబ్బు వసూలు చేయడం కుదిరేది కాదు. అంటే శిక్ష సున్నా. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ రికార్డులు తిరగేశారు. 1997 నుంచి 2002 దాకా కట్టకుండా వదిలేసిన టికెట్లు లక్షా 50 వేలు దాటాయి. శిక్ష అందరికీ సున్నానే అయినా అందరూ ఒకేలా ప్రవర్తించలేదు. కువైట్ దౌత్యవేత్తలు పట్టికలో పైన ఉంటే, నార్వే, స్వీడన్ వాళ్ల పేరిట కట్టని టికెట్ ఒక్కటీ లేదు. సొంత దేశంలో అవినీతి ఎక్కువగా ఉన్నవాళ్లు ఇక్కడా ఎక్కువగా ఉల్లంఘించారు. అంటే ఇంట్లో నేర్చిన అలవాటు విమానమెక్కి కూడా వెంట వస్తుంది. అయితే ఇది ఇక్కడితో ఆగలేదు. 2002 చివర్లో, టికెట్లు కట్టకపోతే దౌత్య నంబర్ ప్లేట్లు పీకేస్తామని నగరం గట్టిగా చెప్పి, చేసి చూపించింది. ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి.

అందుకే "మన రక్తంలోనే లేదు" అనే మాట నాకు నచ్చదు. ఇక్కడ రాంగ్ రూట్లో వెళ్లే కుర్రాడే డల్లాస్ వెళ్లాక, అర్ధరాత్రి మనిషి లేని కూడలిలో కూడా స్టాప్ బోర్డు దగ్గర కారు పూర్తిగా ఆపుతాడు. రక్తం మారలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తారనే అంచనా మారింది.

భయం లెక్క తప్పే చోటు ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలుండేవి. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు కొందరు ఆలస్యంగా వచ్చేవారు. యూరి గ్నీజీ, ఆల్డో రుస్తిచీనీ అనే పరిశోధకులు పది కేంద్రాలు తీసుకుని, ఆరింటిలో ఆలస్యానికి జరిమానా పెట్టించారు. పది నిమిషాలు దాటితే 10 షెకెల్‌లు (షెకెల్ అక్కడి కరెన్సీ). 2000 సంవత్సరంలో ఫలితం ప్రచురించారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరు ముఖం చూడటానికి మొహమాటంగా ఉండేది. ఆమె కూడా ఇంటికి వెళ్లాలి కదా అనిపించేది. జరిమానా వచ్చాక ఆ మొహమాటం పోయింది. డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. జరిమానా కాస్తా అదనపు గంటకు రేటుగా మారిపోయింది. ఇంకా బాధాకరమైన విషయం, కొన్ని వారాల తర్వాత జరిమానా తీసేసినా ఆలస్యాలు పాత స్థాయికి రాలేదు. ఒకసారి పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

ఆ 10 షెకెల్‌లు చిన్న మొత్తమే. ఇంకా పెద్ద జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గేవేమో. కానీ ఎంత పెంచినా, పనిచేసేది డబ్బే తప్ప మొహమాటం కాదు. మనం ఎప్పుడూ జరిమానా వల్ల ఏమొస్తుందని చూస్తాం. అప్పటిదాకా ఉచితంగా పనిచేస్తున్నది ఏం పోతుందో చూడం.

మరి ఆ ఉచితంగా పనిచేసేది ఏమిటి? మొదటిది, పక్కవాళ్లు. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వనం అనే జాతీయ పార్కు ఉంది. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాళ్లయి పడున్నాయి. వచ్చినవాళ్లు గుర్తుగా ఒక ముక్క జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ఒక బోర్డు, గతంలో వచ్చిన చాలామంది ముక్కలు తీసుకుపోవడం వల్ల పార్కు స్వరూపం దెబ్బతిందని చెప్పింది. రెండోది, దయచేసి తీయవద్దని మాత్రమే చెప్పింది. రెండో బోర్డు ఉన్నచోట, పరిశోధకులు గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో 2 శాతం లోపే పోయాయి. మొదటి బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం పోయాయి. దొంగతనం ఎంత ఎక్కువగా ఉందో చెప్పి సిగ్గుపడేలా చేద్దామనుకుంటే, జనం విన్నది వేరు: అందరూ తీసుకుపోతున్నారట.

మన పత్రికలు, పోలీసు శాఖలు ఈ పొరపాటు తరచూ చేస్తుంటాయి. ఒక్క నెలలో ఇన్ని లక్షల మంది హెల్మెట్ లేకుండా దొరికారు అని శీర్షిక పెడతారు. హెచ్చరిక అనుకుని రాస్తారు. చదివేవాడికి మాత్రం అది భరోసా. నాలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారనుకుంటాడు. అదే కూడలిలో హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు ఎంతమందో లెక్కించి రాయడం ఎవరికీ తోచదు.

పక్కవాడు అక్కడ నిలబడి ఉండాల్సిన పని కూడా లేదు, వాడు వదిలిన జాడ చాలు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కీస్ కైజర్ బృందం ఒక సందులో నిలిపిన సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించింది. గోడ శుభ్రంగా ఉన్న రోజు 33 శాతం మంది వాటిని నేల మీద పడేశారు. అదే గోడ మీద గీతలు, రాతలు ఉన్న రోజు 69 శాతం మంది. గోడ మీద రాసినవాడికి, కరపత్రం పడేసేవాడికి సంబంధం లేదు. ఒక నిబంధన తెగిన చోట ఇంకోటి తెంచడం తేలికవుతుంది.

గోడల మాట వచ్చింది కాబట్టి మన ఊళ్ల సంగతి చూద్దాం. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసిన గోడ దగ్గరే ఆ పని జరుగుతుంటుంది. ఆ రాతే, ఇక్కడ అందరూ పోస్తారన్న సమాచారం. ఆ ఇంటివాళ్లు విసిగిపోయి గోడకు దేవుళ్ల బొమ్మల టైల్స్ అతికిస్తారు. వెంకటేశ్వరస్వామి, ఏసుక్రీస్తు, మక్కా పక్కపక్కనే. చాలాచోట్ల అది పనిచేస్తుంది. అక్కడ పోలీసు లేడు, చలానా లేదు. మునిసిపాలిటీ వాళ్ల నిబంధన కాస్తా ఒక్కసారిగా అక్కడికి వచ్చినవాడి సొంత నిబంధన అయింది.

ఈ తేడాను ఎలియట్ ట్యూరియల్ అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల్లోనే చూపించాడు. బడిలో యూనిఫాం వేసుకోకపోయినా ఫర్వాలేదని టీచరు చెబితే, వేసుకోకుండా రావచ్చా? రావచ్చంటారు పిల్లలు. మరి పక్కవాణ్ని కొట్టినా ఫర్వాలేదని టీచరు చెబితే? కొట్టకూడదంటారు, టీచరు చెప్పినా సరే. బడికి ఇంకా పూర్తిగా అలవాటుపడని వయసులోనే ఈ విచక్షణ కనిపిస్తుంది. ఒకరు పెట్టిన నియమం వేరు, ఎవరికో దెబ్బ తగిలే పని వేరు. పెద్దయ్యాక మనం చేసే సర్దుబాటంతా, రెండో రకం వాటిని మొదటి రకంలోకి నెట్టేయడమే. రాంగ్ రూట్లో వెళ్లేవాడికి అది యూనిఫాం లాంటి నియమం. ఎదురుగా పాపను ఎక్కించుకుని స్కూటీ మీద వస్తున్న ఆవిడకు మాత్రం అది దెబ్బే.

గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే సామాజిక శాస్త్రవేత్తలు 1957లో ఈ సర్దుబాటు మాటల్ని పట్టుకున్నారు. తప్పు చేసేవాళ్లలో చాలామందికి అది తప్పని తెలుసు, ముందు ఆ తెలివిడి నోరు మూయిస్తారు, తర్వాత పని చేస్తారని వాళ్ల వాదన. ఆ మాటలు మనకు కొత్తేమీ కాదు. "ఎవరికండీ నష్టం?" "నేను కావాలని చేశానా?" "పైవాళ్లు తినడం లేదా?" "పిల్లల కోసం చేశాను." వీటిలో "పైవాళ్లు తినడం లేదా" అన్నది అన్నిటికన్నా బలమైనది. ఎందుకంటే చాలాసార్లు అది నిజం.

అమెరికా పరిశోధకుడు టామ్ టైలర్ 1984లో షికాగోలో 1,575 మందిని ఫోన్లో ప్రశ్నించాడు, కొందరిని ఏడాది తర్వాత మళ్లీ అడిగాడు. చట్టాన్ని పాటించడంలో, దొరికిపోతామన్న భయం కన్నా, చట్టం చేసేవాళ్లకు, అమలు చేసేవాళ్లకు ఆ హక్కు ఉందన్న నమ్మకానిదే పెద్ద పాత్ర అని తేలింది. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? తీర్పు తమకు అనుకూలంగా వచ్చిందా లేదా అన్నదాని కన్నా, తమ మాట విన్నారా, అందరినీ ఒకేలా చూశారా, మర్యాదగా మాట్లాడారా అన్నదాని నుంచి. చలానా రాయించుకుని కూడా "రూల్ ప్రకారమే రాశాడులే" అనుకునేవాడు మళ్లీ పాటిస్తాడు. వెనకే వచ్చినవాడు ఎవరికో ఫోన్ కలిపి సెల్ ఎస్సై చేతికిచ్చి వెళ్లిపోవడం చూసినవాడు పాటించడు. ఆ క్షణంలో వాడికి పోయింది చలానా డబ్బు ఒక్కటే కాదు.

పోలీసులు మర్యాదగా మాట్లాడితే సరిపోతుందా అంటే అదీ అంత తేలిక కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో శ్వాస పరీక్షల దగ్గర పోలీసులకు ఒక పద్ధతి నేర్పారు. ఎందుకు ఆపామో చెప్పడం, అవతలివాళ్ల మాట వినడం, థాంక్స్ చెప్పి పంపడం. పోలీసుల మీద జనం అభిప్రాయం మెరుగుపడింది. అదే ప్రయోగం స్కాట్లాండ్‌లో చేస్తే ఎదురుతిరిగింది, జనం అసంతృప్తి పెరిగింది. కారణం వెతికితే, ఈ పని తమను అడగకుండా, సరిగ్గా వివరించకుండా పైనుంచి నెత్తిన రుద్దారని అక్కడి పోలీసులే నొచ్చుకుని ఉన్నారని తెలిసింది. తనకు న్యాయం జరగలేదనుకునే కానిస్టేబుల్ రోడ్డు మీద న్యాయంగా నవ్వలేడు. ఎండలో పన్నెండు గంటలు నిలబడే మన ట్రాఫిక్ సిబ్బంది విషయంలో ఇది ఎవరైనా ఆలోచిస్తున్నారా?

ఇప్పుడు నా అసలు బాధ దగ్గరికి వస్తాను. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పెండింగ్ చలానాల మీద రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ, నాలుగో వంతు కడితే చాలు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ప్రకటించారు, ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం. గడువు పెంచుతూ పోయారు. స్థలాల విషయంలోనూ ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న అక్రమ కట్టడాలు, అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు జీవోలు వచ్చాయి. తెలంగాణలో 2015లో మళ్లీ, 2020లో మళ్లీ. 2020లో వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం)కు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో త్వరగా కడితే రుసుములో 25 శాతం రాయితీ అన్నారు.

ప్రభుత్వం వాదన నాకు తెలుసు. చలానాలు కోట్లలో పేరుకుపోయాయి, కొన్ని ఆటోల మీద ఉన్న జరిమానా ఆటో విలువకే దగ్గరైంది, రాకపోయేదానికన్నా ఎంతో కొంత రావడం నయం. లేఅవుట్లలో మోసపోయి ఇన్‌స్టాల్‌మెంట్లలో స్థలం కొనుక్కున్న చిన్న ఉద్యోగి తప్పు పెద్దగా లేదు, వాడికి దారి చూపించాలి. ఈ రెండూ సబబే. కానీ ఈ పథకం వచ్చిన రోజు, చలానా పడిన వారంలోనే మీసేవకు వెళ్లి పూర్తిగా కట్టినవాడి మనసులో ఏం జరుగుతుంది? ప్లాను ప్రకారం చుట్టూ జాగా వదిలి, ఆ వదిలిన జాగాకు కూడా డబ్బు పెట్టి కొన్నవాడు, వదలకుండా కట్టిన పక్కింటివాడికి సర్టిఫికెట్ రావడం చూస్తే? వాడిని ఎవరూ పలకరించరు. వాడికి ఏ రాయితీ లేదు. బతకడం చేతకానివాడిగా మిగిలిపోతాడు, ఇంట్లోవాళ్ల ముందు కూడా. వచ్చేసారి చలానా పడితే, మళ్లీ ఆఫర్ వస్తుందిలే ఆగుదాం అని వాడే అంటాడు. భయం పోవడం కన్నా ఇది పెద్ద నష్టం. ఉల్లంఘించేవాడిని మార్చే ప్రయత్నంలో పాటించేవాడిని మార్చేస్తున్నాం.

ఏళ్ల తరబడి ఒక్క చలానా లేని బండికి బీమాలోనో పన్నులోనో ఏదో కొంత తగ్గించడం, రాయితీ ఇచ్చే ప్రతిసారీ ముందే పూర్తిగా కట్టినవాళ్లకు కొంత వెనక్కి జమ చేయడం పెద్ద కష్టమేమీ కాదు. డబ్బు కన్నా ముఖ్యంగా, మిమ్మల్ని చూశాం అన్న మాట వాళ్లకు చేరాలి.

నిబంధన తెంచడం అంటే ఎప్పుడూ స్వార్థమే అనుకోకూడదు. చీరాల, పేరాల విషయమే తీసుకోండి. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేలుండే పన్నులు నలభై వేలకు చేరాయి. చేనేత కార్మికులు, చిన్న రైతులు కట్టలేమన్నారు, మునిసిపాలిటీ వద్దన్నారు. ఎవరూ వినలేదు. 1921లో గాంధీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా ఎదిరించడం, లేదా ఊరే వదిలిపోవడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలి, మునిసిపాలిటీ హద్దుల అవతల రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. ఎండకు, వానకు ఓర్చుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఈ కథలో నన్ను కదిలించేది వాళ్లు పన్ను కట్టకపోవడం కన్నా, రామనగర్‌లో బతికిన తీరు. గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు స్వచ్ఛంద సేవకులు అక్కడ క్రమశిక్షణ చూసుకునేవారు. పోలీసు, జైలు వెనక లేకపోయినా జనం వాళ్ల మాట విన్నారు. మునిసిపాలిటీ మాటకు తలవంచనివాళ్లే తాము ఒప్పుకున్న కట్టుబాటుకు కష్టాల్లోనూ కట్టుబడ్డారు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైల్లో పెట్టాక, డబ్బుకు ఇబ్బంది వచ్చాక ఉద్యమం సడలింది, జనం తిరిగి ఇళ్లకు వెళ్లారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. గెలుపు ఓటముల సంగతి ఎలా ఉన్నా, టైలర్ షికాగోలో అడిగిన ప్రశ్నకు జవాబు చీరాలలో అరవై ఏళ్ల ముందే కనిపించింది.

చివరగా, వినడం ఎప్పుడూ మంచిదే అనుకునేవాళ్ల కోసం మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగం. యేల్ విశ్వవిద్యాలయంలో 1961లో మొదలైంది. ప్రయోగం నడిపేవాడు ఆజ్ఞ ఇస్తుంటే, పాల్గొనడానికి వచ్చిన మామూలు మనిషి, పక్కగదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ పెంచుతూ పోవాలి. షాక్ నిజం కాదు, అది మీట నొక్కేవాళ్లకు తెలియదు. 1963లో ప్రచురించిన మొదటి ఫలితంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. పెద్దాయన చెబితే మనిషి ఏమైనా చేస్తాడని లోకం అర్థం చేసుకుంది. కానీ మిల్‌గ్రామ్ ఇంకా చాలా రకాలుగా చేసి చూశాడు. ఆజ్ఞలిచ్చేవాడు గదిలోంచి వెళ్లి ఫోన్లో చెబితే చివరిదాకా వెళ్లినవాళ్లు దాదాపు ఐదో వంతే. పక్కన కూర్చున్న ఇద్దరు సహచరులు "మా వల్ల కాదు" అని లేచిపోతే, 40 మందిలో నలుగురే. సిగ్నల్ దగ్గర పక్కవాణ్ని చూసి దూకే మనిషే, ఇక్కడ పక్కవాణ్ని చూసి ఆగాడు.

ఇంకో సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. షాక్ ఇచ్చేవాళ్లు తటపటాయిస్తే చెప్పడానికి వరుసగా నాలుగు మాటలు ముందే రాసి ఉంచారు. మొదటిది "దయచేసి కొనసాగించండి". రెండోది "ప్రయోగానికి మీరు కొనసాగించడం అవసరం". నాలుగోది మాత్రం శుద్ధమైన ఆజ్ఞ: "మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే." జెర్రీ బర్గర్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, 150 వోల్టుల దగ్గర ఆపేలా జాగ్రత్తలు తీసుకుని దీన్ని మళ్లీ చేశాడు. నాలుగో మాట దాకా వచ్చినవాళ్లలో ఆ మాట విని ముందుకు సాగినవారు ఒక్కరూ లేరు. విజ్ఞానం కోసం సాయపడుతున్నామని నమ్మినంతసేపే సాగారు. నీకు వేరే దారి లేదు అనగానే, "ఉంది" అని కుర్చీలోంచి లేచారు.